నాట్యం గుడిలోనే పుట్టిందా? అంతకు ముందు మనుషులు ఎందుకు ఆడారు?

టీచర్ గారూ, మీరు అడిగినవి రెండు విషయాలు. మీ ఉన్నత పాఠశాల వార్షిక సంచికకు నాట్య చరిత్ర మీద వ్యాసం రాద్దామని వెతికితే, ఎక్కడ చూసినా “నాట్యం దేవాలయంలో, దైవసేవ కోసం పుట్టింది” అన్న మాటే కనిపించిందన్నారు. అదే నిజమైతే గుళ్లు లేని కాలంలోనూ, గుళ్లు కట్టుకోని జాతుల్లోనూ మనుషులు ఎందుకు ఆడారన్నది మీ మొదటి సందేహం. వార్షికోత్సవంలో పిల్లలతో అరకు గిరిజనుల థింసా, ఆదిలాబాద్ గోండుల గుస్సాడి వేయించవచ్చా అన్నది రెండోది. మొదటిదానికి జవాబు తెలిస్తే రెండోది దాదాపు దానంతటదే తేలుతుంది కాబట్టి ఆ వరుసలోనే చెబుతాను. నేను కూచిపూడి నేర్చుకుని, నేర్పుతూ, మధ్య మధ్య అరకు వైపూ ఆదిలాబాద్ వైపూ తిరిగి అక్కడి ఆటలను చూసి రాసుకున్నవాడిని. నా ఉదాహరణలు ఎక్కువగా ఆ అనుభవంలోంచే వస్తాయి.

సూటిగా చెప్పాలంటే, నాట్యం గుడిలో పుట్టలేదు. గుడి దాని దారిలో నడిమధ్య వచ్చిన మజిలీ మాత్రమే. మనుషులు మొదట ఆడింది ఎవరో చూడాలని కాదు, నలుగురూ కలిసి ఆడడం కోసమే. వేట, పెళ్లి, చావు, వాన, జాతర, ఏ సందర్భమైనా ఆడేవాళ్లే ఆ ఆటకు హక్కుదారులు. పక్కన కూర్చుని చూడడమే పనిగా పెట్టుకున్న మనిషి చాలా ఆలస్యంగా వచ్చాడు. ఆ చూసేవాడు దేవుడైనచోట నాట్యం ఒక రూపం తీసుకుంది, రాజైనచోట మరొకటి, టిక్కెట్టు కొన్న ప్రేక్షకుడైనచోట ఇంకొకటి. అందుకే ఏ నాట్యానికైనా ప్రయోజనం ఏమిటని నన్ను అడిగితే, ఆడేవాళ్ల ముఖాలు ఎటు తిరిగి ఉన్నాయో ముందు చూడమంటాను.

ఇది వినడానికి మరీ తేలికగా ఉంటుంది గాని, క్షేత్రంలో దీనంత పనికొచ్చే ఆనవాలు నాకు మరొకటి దొరకలేదు. బతుకమ్మ ఆడే స్త్రీలు పూల బతుకమ్మ వైపు తిరిగి ఉంటారు, వీపులు లోకానికి ఉంటాయి. కోలాటంలో ఎదురుగా ఉన్న జోడీ వైపు తిరుగుతారు. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగ నాడు అలావా అనే నిప్పుల గుండం చుట్టూ ఆడేవాళ్లు నిప్పు వైపు తిరుగుతారు. ఈ మూడింటిలోనూ చుట్టూ నిలబడ్డవాళ్లకు కనిపించేది ప్రధానంగా వీపులే, అయినా ఎవరూ నొచ్చుకోరు, ఎందుకంటే కాసేపటికి వాళ్లూ ఆ వలయంలో చేరేవాళ్లే. కూచిపూడిలోనో భరతనాట్యంలోనో అయితే నర్తకి వీపు కనిపించే క్షణాలు లెక్కపెట్టుకోదగినన్ని మాత్రమే ఉంటాయి. ఈ రెండు పద్ధతుల మధ్య ఉన్నదే నాట్య చరిత్రలో చాలా భాగం.

ఇక పాతకాలపు ఆధారాల సంగతి. నాట్యానికి శిలాజం మిగలదు, కాబట్టి “ఇన్ని వేల ఏళ్ల నాడు మొదలైంది” అని ఎవరు తేదీ చెప్పినా నమ్మవద్దు. మిగిలేవి బొమ్మలే. మధ్యప్రదేశ్‌లోని భీంబేట్కా గుహాశ్రయాల్లో 1957లో విష్ణు శ్రీధర్ వాకణ్కర్ గుర్తించిన చిత్రాల్లో, చేయీ చేయీ పట్టుకుని వరుసగా నిలబడ్డ మానవాకృతులు ఉన్నాయి. వాటిలో పాతవి మధ్యశిలాయుగానివని పురాతత్వవేత్తలు లెక్కిస్తారు. గమనించండి, అక్కడ ఉన్నది ఒంటరి నర్తకి కాదు, వరుస.

మొహెంజొదారో “నర్తకి” విగ్రహం గురించి మాత్రం మీ వ్యాసంలో కొంచెం జాగ్రత్తగా రాయండి. 1926లో బయటపడిన ఆ కంచు బొమ్మ ఎత్తు సుమారు 10.5 సెంటీమీటర్లు, అంటే పిల్లల అరచేతిలో ఇమిడేంత. ఒక చెయ్యి నడుము మీద ఉంటుంది, ఎడమ చెయ్యి భుజం దాకా గాజులతో నిండి ఉంటుంది, తల కొంచెం పైకెత్తి ధీమాగా నిలబడి ఉంటుంది. ఆమె నాట్యం చేస్తోందనడానికి ఆ నిలబడ్డ తీరు తప్ప వేరే ఆధారం ఏమీ లేదు. ఆ పేరు తవ్వకాల కాలం వారు పెట్టినది, అలాగే నిలిచిపోయింది. గొప్ప బొమ్మే, కాదనను, కాని నాట్య చరిత్రకు సాక్షిగా నిలబెట్టదగినది కాదు.

అసలు శరీరం లయకు ఎందుకు లొంగుతుంది అన్నది వేరే ప్రశ్న, దాని మీద పరిశోధన ఇంకా సాగుతోంది. మనుషులకే ప్రత్యేకమనుకున్న ఈ గుణం స్నోబాల్ అనే కాకాటువా చిలుకలోనూ ఉందని 2009లో శాస్త్రవేత్తలు చూపించారు. పాట వేగం మార్చితే అది తన తల ఊపు వేగం కూడా మార్చుకుంది. మీకు మరింత పనికొచ్చేది 2015లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ప్రచురించిన ప్రయోగం, ఎందుకంటే అది బ్రెజిల్‌లో హైస్కూలు పిల్లలతో చేసినది. ఒకే లయలో, ఒకే కదలికలతో కలిసి ఆడిన పిల్లల్లో నొప్పిని ఓర్చుకునే శక్తి పెరిగింది, పక్కవాళ్ల మీద దగ్గరితనం కూడా పెరిగింది. ఒళ్లు అలిసేలా ఆడడం ఒక్కటే కాదు, కలిసి ఆడడం కూడా విడిగా ఈ ఫలితం ఇచ్చిందన్నది అందులో ముఖ్యమైన సంగతి. ఏ ఊళ్లోనైనా రాత్రంతా ఆడి తెల్లవారి పొలానికి పోయిన పెద్దలను అడిగితే ఈ మాటే ఇంకో రకంగా చెబుతారు.

కలిసి ఆడడం అంటే ఏమిటో చూడాలంటే థింసా చూడాలి. అరకు లోయలోనూ ఆ చుట్టుపక్కల మన్యంలోనూ పోర్జా, భగత, వాల్మీకి, కోందు వంటి తెగల వారు ఆడే ఆట ఇది. స్త్రీలు పక్కపక్కన నిలబడి, చేతులు వెనక్కి పోనిచ్చి, పక్కవారి వీపు మీదుగా ఆ అవతలి మనిషి చేతిని అందుకుంటారు. అలా అల్లుకున్నాక వరుస మొత్తం ఒక్క శరీరమవుతుంది. తుడుము, డప్పు, మోరి, కిరిడి, జోడుకొమ్ములు మోగుతుంటే అడుగులు ఒక్కసారిగా పడతాయి, అందెల చప్పుడు ముక్కలు ముక్కలుగా కాక ఒకే దెబ్బగా వినిపిస్తుంది. వరుసలో ఎవరి అడుగైనా తప్పితే ఆమెను సరిదిద్దేది గురువు కాదు, ఆమె వీపు వెనక ఉన్న రెండు చేతులు. అవి ఆమెను లాక్కుపోతాయి, నాలుగు అడుగులు వేసేలోపు ఆమె లయ ఆమెకు మళ్లీ దొరుకుతుంది. తరగతి గదిలో “తకధిమి” కొట్టి కొట్టి నేను నేర్పలేని పని ఆ చేతులు చేయడం నేను చూశాను.

థింసాలో రకాల పేర్లు, వాటి కదలికలు చూస్తే ఈ ఆటకు ఉన్న పనులు తెలుస్తాయి. పోతార్‌తోలలో ఆకులు కోస్తున్నట్టు వంగుతారు, గొడ్డిబేటలో ముందుకు వంగి లేస్తూ ఊగుతారు, భాగ్ థింసాలో పులి మీద పడితే తప్పించుకునే తీరు ఉంటుంది, బాయ థింసా పూనకానిది, కుండ థింసాలో భుజాలతో ఒకరినొకరు నెట్టుకుంటారు. అంటే పని, అడవి భయం, దేవత, సరసం, నాలుగూ ఒకే ఆటలో ఉన్నాయి. మనం “భక్తి నృత్యం”, “శ్రమ నృత్యం” అని విడివిడిగా శీర్షికలు పెట్టేది పరీక్ష జవాబు పత్రాల కోసం. చైత్రంలో వేట పండుగకు ఆడే ఊరికి ఆ తేడాలతో పని లేదు.

ఆదిలాబాద్ రాజ్‌గోండుల దండారి పండుగలో మరో ప్రయోజనం కనిపిస్తుంది. దీపావళి ముందు రోజుల్లో ఒక ఊరి బృందం గుస్సాడిలను, అంటే ప్రత్యేక వేషం కట్టి ఆడేవారిని, వెంటబెట్టుకుని మరో ఊరికి ఆడుతూ వెళుతుంది. ఆ ఊరు వీళ్లకు భోజనం పెడుతుంది, రాత్రంతా ఆట సాగుతుంది, తర్వాత ఆ ఊరు కూడా బదులుగా వస్తుంది. ఈ రాకపోకల్లోనే పెళ్లి సంబంధాలు కుదురుతాయి. నెమలి ఈకల పెద్ద తలపాగా, ఒంటి మీద బూడిద, భుజాన జంతుచర్మం, చేతిలో కర్రతో ఉన్న గుస్సాడినే మనం ఫోటోల్లో చూస్తాం. కాని ఆ వేషం పటాటోపం కోసం వేసుకున్నది కాదు, అది దీక్ష. దీక్ష పట్టినవారు అది ముగిసేదాకా స్నానం చేయరు, నేల మీదే పడుకుంటారు. చివరన కొలబోడి అనే ముగింపు ఆచారం జరిపి దీక్ష విరమిస్తారు. గుడిరేవు దగ్గర గోదావరి ఒడ్డున ఉన్న పద్మల్‌పురి కాకో అనే దేవతకు మొక్కడం ఈ ఆచారంలో భాగం. మార్లవాయికి చెందిన కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ రావడంతో గుస్సాడి పేరు దేశమంతా తెలిసింది. ఆ ఆట వెనక దీక్ష ఉందన్న సంగతి మాత్రం అంతగా తెలియలేదు.

ఉత్తరాంధ్రలో గొల్లలు ఆడే తప్పెటగుళ్లు గంగమ్మ కోసం, వాన కోసం. వీరనాట్యం వీరభద్రుడిది. బోనాల్లో పోతరాజు ఊరేగింపుకు దారి చేస్తూ ఆడతాడు. శవయాత్ర ముందు డప్పు మీద వేసే అడుగులు కూడా నాట్యమేనని నేను పట్టుబట్టి చెబుతాను, కొందరు సభల్లో ఈ మాట అంటే ముఖం చిట్లిస్తారు గాని. చనిపోయిన మనిషిని లయతో సాగనంపడం ప్రాచీన ఈజిప్టు సమాధి చిత్రాల్లోనూ ఉంది, న్యూజీలాండ్ మావోరీల హాకాలోనూ ఉంది. హాకా అనగానే మనకు రగ్బీ ఆటగాళ్లు గుర్తుకొస్తారు. మావోరీలు అతిథి వచ్చినా, పెద్దాయన పోయినా హాకా చేస్తారు. యుద్ధం దాని పనుల్లో ఒకటి మాత్రమే.

ఇప్పుడు శాస్త్ర గ్రంథం ఏమంటోందో చూద్దాం, ఎందుకంటే “గుడిలో పుట్టింది” అనేవారు చివరికి భరతుడి పేరే చెబుతారు. నాట్యశాస్త్రం క్రీస్తుకు అటూ ఇటూ కొన్ని శతాబ్దాల్లో రూపుదిద్దుకున్నదని పండితుల అంచనా. దాని మొదటి అధ్యాయంలో దేవతలు బ్రహ్మను అడిగింది పూజా విధానం కాదు, కంటికీ చెవికీ ఇంపైన ఆటవస్తువు. నాలుగో అధ్యాయంలో ఋషులు అచ్చంగా మీ ప్రశ్నే అడుగుతారు. అభినయానికి అర్థం ఉంది, పాటకు అర్థం ఉంది, ఏ అర్థాన్నీ చెప్పని ఈ నృత్తం ఎందుకు పుట్టించారయ్యా అని వాళ్ల ప్రశ్న. దానికి వచ్చిన సమాధానం నాకు ఎంతో ఇష్టం. నృత్తానికి ఏ అర్థంతోనూ పని లేదని, అది శోభను పుట్టిస్తుంది గనుక ప్రవర్తింపజేశారని, లోకంలో దాదాపు అందరికీ నృత్తం సహజంగానే ఇష్టమని, మంగళకరమని, పెళ్లిళ్లలోనూ పురుళ్లలోనూ సంతోష సందర్భాల్లోనూ వినోదానికి పనికొస్తుందని అక్కడ ఉంది. శివుడి తాండవంతో ముడిపెట్టి చెబుతూనే గ్రంథకర్త పెళ్లినీ పురుడునూ మరిచిపోలేదు. దైవాన్నీ వినోదాన్నీ రెండు వేరు వేరు పెట్టెల్లో పెట్టడం మన కాలపు అలవాటు, ఆయనకు లేదు.

మరి గుడి ఎప్పుడు వచ్చింది, ఏం చేసింది? పెద్ద పెద్ద రాతి దేవాలయాలు, వాటికి భూములు, ఆ భూముల ఆదాయం నుంచి జీతాలు ఏర్పడ్డాక నాట్యం ఒక ఉద్యోగమైంది. తంజావూరు బృహదీశ్వరాలయంలో రాజరాజ చోళుడి శాసనం ఇతర ఆలయాల నుంచి 400 మంది ఆలయ స్త్రీలను రప్పించి, ఒక్కొక్కరికీ ఇల్లూ ఏటా 100 కలాల (కలం ఆనాటి కొలత) ధాన్యం వచ్చే వాటా ఇచ్చినట్టు చెబుతుంది. మన ద్రాక్షారామ శాసనాల్లోనూ సానుల, అంటే గుడి సేవలోని స్త్రీల, ప్రస్తావన ఉంది. ధాన్యం లెక్క తేలితేనే కళాకారిణి పొద్దున్న లేచి సాధన చేయగలదు. గుడి నాట్యానికి చేసిన అసలు మేలు ఇదే. వృత్తిగా చేసేవాళ్లు ఉంటే తప్ప కరణాలనే కఠినమైన నృత్త భంగిమలు, గంటల తరబడి అభినయం సాధ్యం కావు. రోజంతా పొలం పని చేసి వచ్చిన ఊరు ఆడే ఆటకు ఆ కష్టం అవసరం లేదు, వీలూ లేదు.

ఈ రెండు లోకాలనూ ఒకే కళ్లతో చూసినవాడు మన తెలుగు నేల మీదే ఉన్నాడు. కాకతీయ గణపతిదేవుడి గజసేనాపతి జాయపుడు 13వ శతాబ్దం నడుమ సంస్కృతంలో రాసిన నృత్తరత్నావళిలో ఎనిమిది అధ్యాయాలు ఉంటే, మొదటి నాలుగు భరతుడి శాస్త్ర పద్ధతి అయిన మార్గానికి, తక్కిన నాలుగు జనం ఆడే దేశి నృత్తాలకు కేటాయించాడు. సగానికి సగం! పేరణి (నేటి పేరిణి), రాసకం, చర్చరి, కర్రలతో ఆడే దండరాసకం, ఇలా తన కాలంలో జనం ఆడుతున్నవాటిని ఒక సేనాని కూర్చుని వర్ణించాడు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడికి వెళ్లినప్పుడు చాలామంది చూరు కింద ఉన్న మదనికలనే స్త్రీ శిల్పాలను చూసి వెనక్కి వచ్చేస్తారు. లోపలి స్తంభాల మీద, దూలాల మీద చిన్న చిన్న పలకల్లో మద్దెల వాయించేవారు, జట్టుగా ఆడేవారు ఉన్నారు, వాటినీ చూడండి. నటరాజ రామకృష్ణ గారు (1923–2011) పేరిణిని మళ్లీ వేదికెక్కించినప్పుడు ఆధారం చేసుకున్నది ఈ గ్రంథాన్నీ ఈ శిల్పాన్నీ. కాబట్టి మనం ఇవాళ చూసే పేరిణి 20వ శతాబ్దపు పునర్నిర్మాణం. దాన్ని అలా చెప్పడం వల్ల దాని విలువ తగ్గదు.

రాజు ప్రేక్షకుడైతే ఏమవుతుందో ఫ్రాన్స్ చెబుతుంది. ఆ దేశపు రాజు 14వ లూయీ తానే నర్తకుడు. 1653లో పద్నాలుగేళ్ల వయసులో సూర్యుడి వేషం కట్టి ఆడాడు, 1661లో నృత్య అకాడమీ పెట్టించాడు. రాజు ఆసనానికి ఎదురుగా ఆడాలి, ఆయనకు పాదం అందంగా కనిపించాలి, ఆయన చుట్టూ ఎవరు ఏ వరుసలో నిలబడాలో తెలియాలి. బాలేలో కాళ్లు బయటికి తిప్పి నిలబడడం, వేదికకు ఒక ముఖం ఉండడం ఈ దర్బారు వాతావరణంలోనే గట్టిపడ్డాయి. తెలుగునాట దర్బారు ముచ్చట మరో రకంగా ఉంది. కూచిపూడి భాగవతులు విజయనగర ప్రభువు వీరనరసింహరాయల ముందు ప్రదర్శన ఇస్తూ, సిద్ధవటం పాలకుడు సమ్మెట గురవరాజు పన్నుల కోసం స్త్రీలను హింసించడాన్ని ఆడి చూపించారని, రాజు గ్రహించి అతణ్ని శిక్షించాడని మాచుపల్లి కైఫియత్తు చెబుతుంది. కైఫియత్తులంటే ఊళ్ల స్థానిక చరిత్రలు, ఆ సంఘటనల తర్వాత చాలా కాలానికి సేకరించినవి, కాబట్టి అక్షరాలా జరిగిందని నేను అనను. కాని నాట్యం అర్జీలా పనిచేయగలదని ఆనాటి జనం నమ్మారని చెప్పడానికి ఆ కథ చాలు.

భాగవతుల ఆట రాత్రంతా సాగేది, ఊరూరా తిరిగేది, ఆడ వేషాలతో సహా అన్నీ మగవాళ్లే వేసేవారు. భామాకలాపంలో తెర వెనక నుంచి సత్యభామ జడను తెర మీదికి విసిరి చూపించడం ఉంది కదా. నాగరం మొదలు జడగంటల దాకా అలంకరించిన ఆ జడ తెర మీద పడగానే జనం సర్దుకుని కూర్చునేవారు, ఎందుకంటే అది అలంకారంతో పాటు సవాలు కూడా. నాతో పోటీకి వచ్చేవారెవరని పండితులకూ విద్వాంసులకూ విసిరిన పందెం. వేదాంతం సత్యనారాయణ శర్మ గారి (1935–2012) సత్యభామను చూసినవారు నేటికీ ఆ ప్రవేశం గురించే మాట్లాడతారు. ఇక్కడ చూసేవాడికి కూడా పని ఉంది, అతను చదువుకున్నవాడై ఉండాలి, ప్రశ్న వేయాలి. చీకట్లో కూర్చుని చప్పట్లు కొట్టే ప్రేక్షకుడు ఇంకా పుట్టలేదు.

అతను పుట్టిన కథలో ఒక పెద్ద అన్యాయం ఉంది, మీ సంచికలో అది ఒక్క పేరాగానైనా ఉండాలని నా కోరిక. గోదావరి జిల్లాల్లో కలావంతులు, అంటే ఆటపాటలే వృత్తిగా ఉన్న కుటుంబాల స్త్రీలు, తరతరాలుగా పదాలు, జావళీలు, అధ్యాత్మ రామాయణ కీర్తనలు, భామాకలాపం అభినయించారు. మువ్వ క్షేత్రయ్య పదాలు మనకు నోటి మీద మిగలడంలో వారి పాలు పెద్దది. 19వ శతాబ్దం చివర వచ్చిన సంస్కరణోద్యమం వారి జీవితాల్లోని దోపిడీని ఎత్తి చూపింది. అది నిజమైన దోపిడీయే, తెలంగాణలో జోగినీల బాధ చూసినవారెవరూ కాదనలేరు, అందుకే 1988లో కూడా ఆంధ్రప్రదేశ్‌లో నిషేధ చట్టం కావలసి వచ్చింది. కాని 1947 మద్రాసు చట్టం ఆడపిల్లలను దేవుడికి సమర్పించడాన్ని నిషేధించడంతో ఆగలేదు, గుళ్లలోనూ ఊరేగింపుల్లోనూ వారి ఆటనూ నిషేధించింది. అన్నం పెట్టిన విద్య నేరమైంది. ఇంచుమించు అదే కాలంలో అదే విద్య మద్రాసు సభా వేదికల మీద గౌరవప్రదమైన కుటుంబాల అమ్మాయిల విద్యగా మారింది. రుక్మిణీ దేవి నాట్య విద్యాలయం కళాక్షేత్రం 1936లో మొదలైంది. కూచిపూడిలో వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారు ఆడపిల్లలకు నేర్పి ఏకపాత్ర ప్రదర్శనకు దారి వేశారు, వెంపటి చిన సత్యం గారు 1963లో మద్రాసులో అకాడమీ పెట్టి ఆ దారిని రాజబాట చేశారు. వీరి కృషిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, నా అన్నం కూడా ఆ చెట్టు కిందిదే. అయితే “గుడిలో పుట్టింది” అనే వాక్యం ఇంత బలంగా పాతుకుపోయింది ఈ కాలంలోనే. గుడి పేరు మాత్రం మిగిలింది, గుడిలో ఆడిన స్త్రీల పేర్లు జారిపోయాయి.

1956లో భాషా ప్రాతిపదికన రాష్ట్రం ఏర్పడ్డాక ఇంకో ప్రయోజనం వచ్చి చేరింది. ప్రతి రాష్ట్రానికీ తనదంటూ ఒక శాస్త్రీయ నృత్యం కావాలి. 1958లో ఢిల్లీలో సంగీత నాటక అకాడమీ జరిపిన నృత్య సదస్సులో కూచిపూడి శాస్త్రీయతపై వాదం నడిచింది, తర్వాత దానికి ఆ స్థానం దక్కింది. ఇవాళ అమెరికాలో పెరిగిన తెలుగు పిల్ల రంగప్రవేశం చేస్తుంటే ఆ హాల్లో జరుగుతున్నది దైవసేవా కాదు, కేవలం వినోదమూ కాదు, మేము ఎక్కడివాళ్లమో మరిచిపోలేదని బంధువులందరి ముందూ చెప్పుకోవడం. ఇది చిన్న ప్రయోజనమని నేను అనుకోను. ఒక జాతి కలిసి ఆడితే పాలకులు భయపడిన సందర్భాలు చరిత్రలో చాలానే ఉన్నాయి. 1830లో హవాయిలో క్రైస్తవం స్వీకరించిన రాణి కఅహుమాను అక్కడి సంప్రదాయ నృత్యం హులాను నిషేధిస్తే, 1883లో కలాకౌవా రాజు తన పట్టాభిషేకంలో దాన్ని బహిరంగంగా ఆడించాడు. 1890లో అమెరికా ఆదివాసులు పోయినవారు తిరిగి రావాలని వలయాలుగా ఆడిన ఆటను ప్రభుత్వం తిరుగుబాటుగా భావించింది. ఆ ఏడాది డిసెంబరు 29న వూండెడ్ నీ దగ్గర రెండు వందల మందికి పైగా లకోటా స్త్రీలు, పురుషులు, పిల్లలు సైనికుల తూటాలకు బలయ్యారు. వలయం కట్టి ఆడడం ఎంత బలమైన పనో పాలకులకు తెలుసు గనుకనే భయపడ్డారు.

ఒక పక్క మాట. సెల్‌ఫోన్లు వచ్చాక బతుకమ్మ ఆడే వలయం ఒక వైపు విచ్చుకోవడం గమనించారా? పట్టణాల్లో, ముఖ్యంగా డీజే పెట్టినచోట, ముందు వరుస కెమెరా వైపు తిరుగుతోంది, పువ్వులు వీపు వెనక్కి పోతున్నాయి. తప్పని అనను, కాని కొత్త ప్రేక్షకుడు వచ్చాడని అర్థం.

ఇక మీ రెండో ప్రశ్న. థింసా వేయించండి, నిస్సందేహంగా. అయితే వేదిక మీద వద్దు. వేదిక ఎక్కించగానే నేర్పేవారెవరైనా వలయాన్ని కోసి అర్ధచంద్రం చేస్తారు, అందరి ముఖాలూ ముఖ్య అతిథి వైపు తిప్పుతారు, చేతులు విడదీసి కొత్త భంగిమలు చేరుస్తారు, వాద్యకారులను పక్కకు తోసి రికార్డు పెడతారు. నేను వేదికల కోసం జానపద నృత్యాలు కూర్చినప్పుడు ఈ పనులన్నీ చేయవలసి వచ్చింది, ఏం పోతుందో తెలిసే చేశాను. మీకు ఆ ఇబ్బంది లేదు, మీకు ఆట స్థలం ఉంది. చూసేవాళ్లను నేల మీద చుట్టూ కూర్చోబెట్టి నడుమ ఆడించండి. చేతుల అల్లిక వీడనివ్వకండి. చివరి ఆవృత్తంలో తల్లిదండ్రులను కూడా వరుసలో కలుపుకోండి. మొదట్లో సిగ్గుపడతారు గాని వస్తారు.

గుస్సాడి వేషం మాత్రం పిల్లలకు వేయించవద్దని నా సలహా. అది దీక్షతో ముడిపడ్డదని పైన చెప్పాను. దుకాణంలో అద్దెకు తెచ్చిన నెమలి ఈకల టోపీ పెట్టి, సినిమా పాటకు గెంతించడం గోండు కుటుంబాల పిల్లలు అదే బడిలో చదువుతుంటే వాళ్లకు ఎలా ఉంటుందో ఆలోచించండి. మీ ప్రాంతానికి బృందం రాగలిగితే దీక్షాకాలం కాని రోజుల్లో వాళ్లనే పిలవండి, ఏది చూపించాలో ఏది చూపించకూడదో వాళ్లే నిర్ణయించుకుంటారు. దారి ఖర్చులు, భోజనం, పారితోషికం ముందే మాట్లాడి, ప్రదర్శన అయిన రోజే చేతికివ్వండి. “ప్రచారం వస్తుంది కదా” అన్న మాట వాళ్లు చాలా చోట్ల విని ఉంటారు.

సంచికలో ఫోటో వేస్తే కింద “జానపద నృత్యం” అని ఊరుకోకుండా ఏ తెగదో, ఏ ఊరిదో, ఏ పండుగదో రాయండి. నేర్పినవారు ఒప్పుకుంటే వారి పేరు వేయండి. న్యూజీలాండ్‌లో “కా మాతే” హాకాను వాణిజ్యపరంగా వాడేవారు దాన్ని కూర్చిన ఙాతి తోవా తెగ నాయకుడు తె రౌపరాహా పేరు చెప్పి తీరాలని 2014లో చట్టమే చేశారు. మనకు అలాంటి చట్టం లేదు గాని, ఫోటో కింద రెండు వాక్యాలకు చోటు ఉంటుంది.